అంకెను నిలదీసిన కామేశ్వరరావు గారు

కామేశ్వరరావు గారు మొన్న ఉదయం పరమపదించారు. ఫోనులో ఆ మాట విని నేను నమ్మలేదు. ఆఫీసులో సగం పుకార్లు పుట్టించినవాణ్ణి కాబట్టి, ఎవరో నాకు బదులు తీర్చుకుంటున్నారనుకున్నాను. వెళ్లి ఆ నిశ్చల దేహాన్ని చూశాకే నమ్మాను.

గవర్నర్‌పేటలోని మా సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాణ్యతా విభాగానికి ఆయనే అధిపతి. కొలతల శాస్త్రంలో అపార పండితుడు. ఒక మేనేజరు ప్రోగ్రాంలో దొరికిన లోపాల తీవ్రతకు ఒకటి, రెండు, మూడు అని గుర్తులు వేసి, సగటు కట్టి తెచ్చాడు. "గుణదల బస్సు నంబరూ ఇబ్రహీంపట్నం బస్సు నంబరూ కూడి సగం చేస్తే, ఆ బస్సు ఎక్కడికి పోద్దయ్యా?" అన్నారీయన. ఆ మేనేజరు ఆర్నెల్లు బస్సెక్కలేదు. ఇది నా మాట. కొంత తరుగు తీసి పుచ్చుకోండి.

తరుగు అక్కర్లేని సంగతి ఒకటుంది. మా యజమాని రొయ్యల చెరువుల నుంచి ఈ వ్యాపారంలోకి వచ్చినవారు. ఎవరు ఎన్ని లైన్ల ప్రోగ్రాం రాస్తే అంత గొప్ప అని ఓ జాబితా వేయించారు. ఆ నెల నేను పాత ప్రోగ్రాంలో పనికిరాని తొమ్మిది వేల లైన్లు తీసేశాను. ప్రోగ్రాం బాగుపడింది, నా పేరుకెదురుగా మైనస్ పడింది.

"మైనస్ వచ్చినోణ్ణి ఎట్టా ఉంచుకుంటానండీ?" అన్నారు యజమాని కామేశ్వరరావు గారితో, నా ముందే. అప్పటికి నాకు పెళ్లై నెల.

కామేశ్వరరావు గారు నెమ్మదిగా అడిగారు: "వంద కౌంటు రొయ్య గొప్పదా, ముప్పై కౌంటుదాండీ?"

"ముప్పైదే. కిలోకి ముప్పయ్యే తూగినయ్యంటే రొయ్య లావని కదా."

"వంద పెద్ద అంకె కదండీ."

"అంకె పెద్దదైతే రొయ్య పెద్దదవుద్దా ఏంటండీ?" అని, యజమాని తన జాబితా వంక చూసుకున్నారు.

"ముందు పని చూడాలండీ. ఏది మెరుగో తేలాక, ఆ వరస చెడకుండా అంకె వెయ్యాలి."

జాబితా చిరిగింది. నా ఉద్యోగం నిలిచింది. బయటికొచ్చాక, "నేను మంచి పనివాణ్ణని ఒక్క ముక్క అనొచ్చు కదండీ," అని నిష్ఠూరమాడాను.

"నువ్వు మంచి పనివాడివో కాదో నాకింకా తెలీదయ్యా. ఆ అంకెకి తెలీదని మాత్రం తెలుసు."

ఆ తర్వాత పద్నాలుగేళ్లు ఆయన పక్క కుర్చీలోనే పనిచేశాను. నేను మంచి పనివాణ్ణో కాదో తేల్చి చెప్పకుండానే వెళ్లిపోయారు. మరొకరు చెబితే నేను ఒప్పుకోను. ఆ మహనీయునికి సాష్టాంగ ప్రణామం.