కిష్టవ్వ వద్దన్న మంచం

నాంపల్లి స్టేషన్ వెనక మా గల్లీలో పసిపిల్లలకు నీళ్లు పోసేది కిష్టవ్వ. మాట కటువు, చేతులు మాత్రం వెన్న. 1953లో నాకు తొలిచూలు కొడుకు పుట్టినప్పుడు మా అత్తగారు ఆమెనే పిలిపించారు.

ఆమె వచ్చిన మొదటిరోజు పిల్లాడికి నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. నేను పడుకునే నులక మంచమెక్కి వెల్లకిలా పడుకుంది. పక్కన ఇత్తడి చెంబు అడ్డంగా పెట్టమంది. నులక సాగి నడుమ గుంటపడ్డ మంచం అది. చెంబు దొర్లుకుంటూ వెళ్లి ఆమె డొక్క కింద ఇరుక్కుంది. ఏ బాలింత ఇంటికి వెళ్లినా మొదటిరోజు ఆమె చేసే పని ఇదేనట.

రాత్రుళ్లు పాలిస్తూ నిద్రపోతావా అని నన్నడిగింది. ఔనన్నాను. పాలు తాగే పిల్లకు తల్లి పక్కే మేలంది, కానీ ఈ మంచం మీద కాదంది. నేల మీద చాప పరిచి బిగువుగా దుప్పటి వేయమంది. పిల్లాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, దిండూ బొంతా వాడి దరిదాపుల్లో ఉంచొద్దంది. మా ఆయన శ్రీపతి అబిడ్స్ పోస్టాఫీసు నుంచి వచ్చి మొద్దులా నిద్రపోయే మనిషి. ఆయన్ని వసారాలోకి తోలమంది. ఆయన తన పక్కబట్టలు చుట్టుకుని వసారాలోకి నడిచారు.

అడ్డుపడింది అత్తగారు. బాలింత నేల మీద పడుకుంటే వాతం చేస్తుందన్నారు. తన ఐదుగురు పిల్లలూ ఆ మంచం మీదే పెరిగారన్నారు. నీళ్లు పోసే మనిషి నీళ్లు పోసి పోవాలన్నారు. నాకు ఒళ్లు మండింది. అయినా కొత్త కోడలిని, నోరెత్తే ధైర్యం ఎక్కడిది?

ఆ మంచమే అయితే రేపటి నుంచి రానని కిష్టవ్వ చెప్పేసింది. ఇంకొకరిని చూసుకుంటామన్నారు అత్తగారు. గడప దాకా వెళ్లిన కిష్టవ్వ ఆగి వెనక్కి తిరిగింది.

"నేను గూడ గిసొంటి మంచం మీదనే పండిన. పొద్దంత పని జేసి వొచ్చి, పాలిచ్చుకుంటనే నిద్రవోయిన. తెలివయ్యేసరికి బిడ్డ నా కింద ఉండె."

పిల్లాణ్ణి ఒళ్లోకి లాక్కున్నాను. అత్తగారు, ఆ బిడ్డ పేరేమిటని మెల్లగా అడిగారు.

"ఇంక పేరు వెట్టలేదమ్మా. ఇరవై ఒకటో దినం వెడదామనుకున్నం."

మా వాడు పుట్టి ఆ వేళకు తొమ్మిదో రోజు. అత్తగారు లోపలికి వెళ్లి, చాప తెచ్చి తన చేతులతోనే నేల మీద పరిచారు.