మాస్టారి కరెంటు కారు

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మధ్యలో, మా నూజివీడు వైపు ఏ బండి ఎవరిదో తెలుసుకోవడానికి కళ్లతో పనిలేదు, చెవులుంటే చాలు. డాక్టరుగారి స్కూటరు దగ్గుతూ వచ్చేది. హనుమాన్ జంక్షన్ బస్సు మలుపు తిరగకముందే మూలిగేది. ఇక మా మామయ్య డీజిల్ జీపు సంగతి చెప్పనక్కర్లేదు. అది అల్లంత దూరాన ఉండగానే తోటలో కాపలావాడు నిద్ర లేచి, మొహం కడుక్కుని, కర్ర పట్టుకుని గేటు దగ్గర నిలబడేంత వ్యవధి దొరికేది. ఆ జీపు అరుపు మీద మా అందరి బతుకులూ ఎంత హాయిగా నడుస్తున్నాయో, అది మూలపడిన వారం రోజుల్లోగానీ నాకు తెలిసిరాలేదు.

మా మామయ్య మామిడి తోటలు కౌలుకి తీసుకుని కాయలు ఉత్తరాదికి ఎగుమతి చేసేవాడు. నేను బీకాం పాసై రెండేళ్లు అరుగు మీద కూర్చున్నాక, మా అమ్మ పోరు పడలేక నన్ను తన దగ్గర గుమాస్తాగా వేసుకున్నాడు. (గుమాస్తా అని నేను అనుకునేవాణ్ణి. మామయ్య అందరికీ "మా చెల్లెలి కొడుకు, ఖాళీగా ఉన్నాడు" అని పరిచయం చేసేవాడు.) సరిగ్గా బంగినపల్లి కాయ దిగే వేళకి జీపు ఇంజను పాడై విజయవాడ షెడ్డుకి వెళ్లింది. వారం పడుతుందన్నారు. సీజన్లో బండి లేకపోవడమంటే పెళ్లిలో పురోహితుడు లేకపోవడమే. మామయ్య వరండాలో పచార్లు చేస్తున్నాడు. అప్పుడు వచ్చారు సైన్సు మాస్టారు.

మాస్టారు హైస్కూల్లో పాఠాలు చెప్పేవారు. ఆదివారం పొద్దున చర్చిలో తప్ప మిగతా సెలవు వేళలన్నీ వారి పెరట్లోని రేకుల పాక కిందే గడిచేవి. నాలుగేళ్లుగా ఆ పాకలో ఆయన ఒక కారు తయారు చేస్తున్నారు. ఎవరో వదిలేసిన పాత కారు తెచ్చి, దాని ఇంజను పీకేసి, విశాఖపట్నంలో తుక్కు కింద కొన్న మోటారు బిగించి, ముందూ వెనకా కలిపి ఎనిమిది లారీ బ్యాటరీలు పెట్టారు. మోటారు తిరుగుతోంది, కారు నడుస్తోంది, కానీ ఊళ్లో ఎవరూ దాన్ని నమ్మలేదు. పైగా మాస్టారి భార్య, ఈ వేసవి దాటితే పాక ఖాళీ చేసి గేదెని కట్టేస్తానని తేల్చి చెప్పారట.

"వారం రోజులు మీ పనులన్నిటికీ వాడి చూడండి" అన్నారు మాస్టారు, చేతిలో గుడ్డసంచి నలుపుతూ. "ఇంటి పనికీ, వ్యాపారానికీ. బాగుంటే బాగుందని ఒక ఉత్తరం రాసివ్వండి చాలు. విజయవాడ ఎగ్జిబిషన్లో పెట్టడానికి వ్యాపారస్తుల మాట కావాలన్నారండీ. బాగాలేకపోతే నేనే విప్పేస్తాను."

మామయ్య ఆయనవైపు చూసి, తర్వాత నావైపు చూసి, "వీడు నేర్చుకోగలడా?" అన్నాడు. (ఆ అనుమానం కారు మీద కాదని గమనించాలి.)

మర్నాడు పొద్దున నేర్చుకోవడానికి కూర్చున్నాను. తాళం తిప్పాను. నిశ్శబ్దం. మళ్లీ తిప్పాను. మళ్లీ నిశ్శబ్దం.

"స్టార్ట్ అవ్వట్లేదండీ మాస్టారూ" అన్నాను.

"అయింది బాబూ, మొదటిసారే అయింది."

"చప్పుడేదండీ?"

"చప్పుడు ఉండదు. అదే కదా దాని గొప్ప."

నాకు నమ్మకం కుదరక, నిజంగా అయిందో లేదో చూద్దామని పెడల్ గట్టిగా తొక్కాను. మీట వెనక్కి పెట్టి ఉందన్న సంగతి మాస్టారు చెప్పేలోపే కారు మాతో సహా వెనక్కి వెళ్లి, కాయలు ప్యాక్ చెయ్యడానికి తెచ్చిన వరిగడ్డి కుప్పలో మెత్తగా దూరిపోయింది. లోపల చీకటైంది. ఆ చీకట్లోంచి మాస్టారి గొంతు మాత్రం ఎంతో సంతోషంగా వినిపించింది: "చూశావా బాబూ, ఎంత పికప్పో!"

కానీ నిజం చెప్పాలి, రెండోరోజుకే నేను ఆ కారుకి దాసుణ్ణయిపోయాను. గేర్లు మార్చే బాధ లేదు, పొగ లేదు, ఒళ్లు కుదిపే వణుకు లేదు. చెట్ల మధ్య మట్టిబాట మీద అది పడవలా సాగిపోతుంటే పైన చిలకలు కాయల్ని కొరకడం వినపడేది. మా అత్తయ్య దాంట్లో కూరల మార్కెట్టుకి వెళ్లొచ్చి, "ఇన్నేళ్లకి చీరకి డీజిల్ కంపు లేకుండా ఇంటికొచ్చాను" అంది. శాంపిల్ కాయలు బుట్టల్లో పెట్టి జంక్షన్లో లారీ ఆఫీసుకి తీసుకెళితే ఒక్క కాయకీ దెబ్బ తగల్లేదు. అక్కడ లారీ డ్రైవర్లు కారు చుట్టూ మూగి, వంగి కిందకి చూసి, పైకి చూసి, "పెట్రోలెక్కడ పోస్తారండీ?" అని అడిగారు. "పొయ్యక్కర్లేదు" అని నేను, ఆ కారుని కడుపులో మోసి కన్నవాడిలా గర్వంగా చెప్పాను. జంక్షన్ దాకా వెళ్లి తిరిగొచ్చి ఇంకా కాస్త మిగిలేది. రాగానే వరండాలో ప్లగ్గు పెట్టేవాళ్లం. (కరెంటు పోయిన రోజున తోటలో పంపుసెట్టు దగ్గరకి తోసుకెళ్లి, అక్కడ కరెంటు వచ్చే వేళకి పెట్టాం. తోసింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.)

ఇక అసలు సంగతి. అయిదో రోజు కారు ప్లగ్గుకి పెట్టి ఉండటంతో నేను పొద్దున్నే బస్సులో బాపులపాడు వైపు తోటకి వెళ్లాను. అక్కడ పాతికమంది ఆడవాళ్లు కాయలు ఏరుతున్నారు. వాళ్లకి పెద్ద ఒక మేస్త్రమ్మ. పెద్ద నోరు, అంతకంటే పెద్ద మనసు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఆవిడ, "బాబుగారూ, మీ మామయ్యగారిలా ఒక్కసారి చెయ్యండీ, నిద్దరొచ్చేత్తంది" అంది.

మామయ్యని అనుకరించడం నాకున్న ఒకే ఒక విద్య. జీపు విజయవాడలో ఉంది కాబట్టి, ఉన్నా మైలు దూరం నుంచే వినపడుతుంది కాబట్టి, నాకు భయమన్నది లేదు. తలపాగాలా తువ్వాలు చుట్టి, కాయల పెట్టె ఎక్కాను. ఒక కాయ తీసుకుని, కళ్లు చిట్లించి, ముక్కు దగ్గర పెట్టుకుని, దీర్ఘంగా నిట్టూర్చి, "ఇదేం కాయమ్మా! దీన్ని నాగపూర్ పంపిస్తే నన్ను నాగపూర్ రానివ్వరు" అన్నాను. ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. ఉత్సాహం పెరిగింది. "పందిరా? పందిరెందుకే మీకు? ఇన్ని చెట్లున్నాయి, నీడకేం తక్కువ? నీడ ఎటు జరిగితే మీరూ అటు జరగండి!" అన్నాను, చెయ్యి ఊపుతూ. అది ఆ ఏడు మొదట్లో వాళ్లు పందిరి వెయ్యమని అడిగితే మామయ్య నిజంగా అన్న మాటే. కాయల కుప్ప కదలదు, నీడ కదులుతుంది, వాళ్లు ఎండలో కూర్చునేవాళ్లు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. బాగా చెయ్యలేదేమోనని గొంతు పెంచి ఇంకోసారి అన్నాను. మేస్త్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నేలచూపులు చూస్తోంది. అప్పుడు వెనక్కి తిరిగాను.

నాలుగు గజాల దూరంలో కారు ఆగి ఉంది. స్టీరింగు దగ్గర మాస్టారు, పాపం, ఆయనే దొంగతనం చేసినట్టు తల దించుకున్నారు. పక్కన మామయ్య, తలుపు మీద మోచెయ్యి ఆనించి, సినిమా చూస్తున్నట్టు చూస్తున్నాడు.

"ఆగావేంట్రా? తర్వాతేంటి?" అన్నాడు.

నేను పెట్టె దిగడం కూడా మర్చిపోయాను.

"తువ్వాలు నేనలా చుట్టను. కొస ఎడంవైపు ఉంటుంది" అన్నాడు. తర్వాత కారు దిగి, కుప్ప దగ్గరకి వెళ్లి, మేస్త్రమ్మని అడిగాడు. "ఏమ్మా, నేను నిజంగా అలా అన్నానా?"

మేస్త్రమ్మ లేచి నిలబడింది. ఆవిడకి ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవడం రాదు. "అన్నారండీ" అంది. "బాబుగారు కాత్త మెత్తగా సేసేరు. మీరింకా గట్టిగా అన్నారు."

మామయ్య కాయల కుప్ప మీద పడుతున్న ఎండకేసి ఒకసారి చూశాడు. నన్ను కారెక్కమన్నాడు. తిరుగు ప్రయాణం నాకు జీవితాంతం గుర్తుంటుంది. జీపయితే ఆ రొద చాటున భయపడొచ్చు. ఈ కారులో నేను గుటక వేసినా ముందు సీటుకి వినపడుతోంది. నా ఉద్యోగం పోయిందని నాకు ఖాయమైపోయింది. అమ్మకి ఏం చెప్పాలో మనసులోనే మాటలు కూర్చుకుంటున్నాను. అంతకంటే మాస్టారిని చూస్తే జాలేసింది. ఊరి పొలిమేర దగ్గర ఆయన ఉండబట్టలేక, "తప్పు నాదేనండీ. హారన్ కొట్టి ఉండాల్సింది. అబ్బాయిని ఏమీ అనకండి. ఉత్తరం లేకపోయినా ఫర్వాలేదు" అన్నారు. నాలుగేళ్ల కష్టాన్ని నాకోసం అలా వదిలేసుకున్నారాయన, ఒక్క మాటలో. ఆయన చేసిన కారుని అప్పటిదాకా మెచ్చుకున్నాను. ఆ క్షణం నుంచి మనిషిని మెచ్చుకోవడం మొదలుపెట్టాను.

ఇంటికి రాగానే మామయ్య బల్ల ముందు కూర్చుని, "కాయితం తియ్యరా. నీ చేత్తోనే రాయి" అన్నాడు. నన్ను తీసేస్తున్నట్టు నాచేతే రాయిస్తున్నాడనుకుంటూ కలం పట్టుకున్నాను. ఆయన చెప్పాడు, నేను రాశాను: "ఈ కారుని మామిడి సీజన్లో ఇంటి పనులకీ వ్యాపారానికీ వాడి చూశాను. పొగ లేదు, కుదుపు లేదు, కాయకి దెబ్బ లేదు. చప్పుడు లేనందువల్ల ఇరవై ఏళ్లుగా నా చెవిన పడని మాటలు పడ్డాయి. యజమానులకి ఇది చాలా మేలు చేస్తుంది. గుమాస్తాలు మాత్రం జాగ్రత్తగా ఉండాలి."

సంతకం పెట్టి, "రేపు తాటాకులు తెప్పించి ఆ తోటలో పందిరి వేయించు. దగ్గరుండి వేయించు" అన్నాడు. నా ఉద్యోగం ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మాస్టారు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదువుకుని, కళ్లజోడు తుడుచుకుని, మూడోసారి చదువుకున్నారు. ఎగ్జిబిషన్లో కారు చుట్టూ జనం విరగబడ్డారు. పెద్దపెద్దవాళ్లు భుజం తట్టారు, చిరునామా రాసుకున్నారు. తర్వాత ఒక్కరూ రాలేదు. అయినా మాస్టారు ఏమీ చిన్నబుచ్చుకోలేదు. బ్యాటరీలు ఓపిక పట్టినన్నాళ్లూ దాంట్లోనే బడికెళ్లారు, ఆదివారాలు భార్యని పక్కన కూర్చోబెట్టుకుని చర్చికెళ్లారు. ఆవిడ గేదెని ఇంకెక్కడో కట్టేసుకున్నారు.

పోయినేడాది మా అమ్మాయి బలవంతం మీద నేనూ ఒక కరెంటు కారు కొందామని విజయవాడ షోరూముకి వెళ్లాను. టై కట్టుకున్న కుర్రాడొకడు నన్ను కూర్చోబెట్టి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు ఒక్కొక్క మీటా చూపించి, "కొత్తలో కొంచెం కంగారుగా ఉంటుంది అంకుల్. ఇంతకుముందు ఎప్పుడైనా నడిపారా?" అన్నాడు. "నడిపాను బాబూ, నలభై ఏళ్లయింది" అన్నాను. అతను పెద్ద జోకన్నట్టు నవ్వాడు. సరిదిద్దడానికి నోరు తెరిచి, తువ్వాలు చుట్టుకుని పెట్టె మీద నిలబడ్డ ఆ ఇరవై మూడేళ్ల వెర్రివాడు గుర్తొచ్చి, నేనూ నవ్వేశాను.