మోషే మామ చెప్పిన మాట

మా నాన్న పాస్టరు. గుంటూరు జిల్లాలో మిరప చేల మధ్య ఉన్న మా ఊళ్లో అందరూ ఆయన్ను అయ్యగారంటారు. ఆదివారం ప్రసంగంతో ఆయన పని అయిపోదు. చర్చి ఊడవడం, జబ్బుపడ్డవాళ్లను గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లడం, మొగుడూ పెళ్లాల తగాదాలు తీర్చడం, అన్నీ ఆయనే. ఎవరైనా సాయానికొస్తే "పొద్దంతా చేలో ఒంగి ఒంగి వచ్చారు, కూర్చోండమ్మా" అనేవాడు. అందులో ప్రేమే ఎక్కువ. తాను చేస్తేనే సరిగ్గా ఉంటుందన్న నమ్మకమూ కొంచెం ఉండేది.

పోయినేడు మిరపకోతల రోజుల్లో అద్దంకి నుంచి తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, వచ్చాడు. రిటైరైన బడిపంతులు. వరండాలో కుర్చీ వేసుకుని పొద్దుటినుంచి సాయంత్రం దాకా చూస్తూనే ఉన్నాడు. ఒకరు వెళ్తే ఇంకొకరు. కంచంలో నాన్న అన్నం చల్లారిపోయింది. గొంతు అప్పటికే బొంగురుపోయింది.

జనం పలచబడ్డాక తాతయ్య మెల్లిగా అన్నాడు.

"అల్లుడుగారూ, బైబిల్లో మోషేకి పిల్లనిచ్చిన మామ ఏం చెప్పాడో గుర్తుందా?"

నాన్న నవ్వాడు. "యిత్రో సంగతా మామయ్యా?"

"ఆయనే. తీర్పు కోసం రోజంతా నిలబడ్డ జనాన్ని చూసి, ఇట్లా అయితే నువ్వూ నలిగిపోతావు, వాళ్లూ నలిగిపోతారు, నమ్మకమైనవాళ్లకు పని పంచు అన్నాడు. మోషే విన్నాడు. మీరు వింటారా?"

"మోషేకి లక్షలమంది. మనది గుప్పెడు కుటుంబాలు."

"ఆ గుప్పెడుకే ఇట్లా అయిపోయారు గదండీ!"

వంటింట్లో అమ్మ పకపకా నవ్వింది.

తాతయ్య వెళ్లిన వారానికే నాన్నకు గొంతు పూర్తిగా పోయింది. మాట్లాడొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అమ్మ ఇక ఆలస్యం చెయ్యలేదు. మిరపకోతకు ఆడవాళ్లను తీసుకెళ్లే మేస్త్రమ్మను పిలిచి, జబ్బుపడ్డవాళ్లను చూసుకునే పని అప్పగించింది.

"నాకు అయ్యగారిలా ప్రార్థన చెయ్యటం రాదమ్మగారూ."

"నీకొచ్చినట్టే చెయ్యి. అంతమందిని చేలోకి తీసుకెళ్లి మళ్లీ క్షేమంగా ఇళ్లకు చేర్చటంలా?"

నాన్నకు ఇంట్లో కాలు నిలవలేదు. ఒక సాయంత్రం మెడకు మఫ్లరు చుట్టుకుని బయల్దేరాడు. తుంటి ఎముక విరిగి మంచంలో ఉన్న ముసలామెను చూడాలట. నోరు విప్పనీయకుండా కాపలాకని అమ్మ నన్ను వెంట పంపింది.

మేం వెళ్లేసరికి మేస్త్రమ్మ అక్కడే ఉంది. మిరపకాయలు కోసిన చేతులు మండుతాయని కొబ్బరినూనె పట్టించి శుభ్రంగా కడుక్కుని, ముసలామె తల దువ్వుతోంది. తోటి కూలీ ఒకామె పాట పాడుతూ జావ తాగిస్తోంది.

"ఒంట్లో బాగోకుండా మీరెందుకొచ్చారయ్యగారూ? మావోళ్లు రోజూ వస్తానే ఉన్నారుగా" అంది ముసలామె.

నాన్న ముఖం చిన్నబోయింది. తాను రాలేదని ఆమె బెంగపెట్టుకుని ఉంటుందనుకున్నాడు పాపం. గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"కూకోండయ్యా, మీకోసం కూడా ప్రార్థన చేస్తాం" అని మేస్త్రమ్మ స్టూలు జరిపింది. నాన్న కూర్చుని తల వంచాడు. ఆమె కళ్లు మూసుకుంది.

"ప్రభువా, మా అయ్యగారికి గొంతియ్యి నాయనా. ఈలోపు కాసేపు కుదురుగా కూకోవటం కూడా నేర్పు."

ముసలామె అందరికంటే ముందు ఆమెన్ అంది. నేను నవ్వు ఆపుకుంటూ నాన్న వైపు చూశాను. ఆయన మఫ్లరు కొసతో కళ్లు తుడుచుకుంటున్నాడు.

దారిలో నేను వద్దంటున్నా వినకుండా గుసగుసగా అన్నాడు. "అందరికోసం నేనే ప్రార్థిస్తాను గదా. నాకోసం ఒకళ్లు చేస్తే విని ఎన్నాళ్లయిందో తల్లీ."

గొంతు వచ్చాక కూడా ఆ పని మేస్త్రమ్మ దగ్గరే ఉంచాడు. బుధవారం ప్రార్థన కూడికను ఇప్పుడు ఆడవాళ్లే నడుపుతున్నారు. నాన్న చాప మీద అందరితోపాటు కూర్చుంటాడు. రాగం తప్పినప్పుడు సరిచెయ్యడానికి నోరు తెరుస్తాడు. పక్కనుంచి అమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంటుంది. మళ్లీ నోరు మూసుకుని, వాళ్లు పాడినట్టే తనూ పాడతాడు.