పాడె మీద వెంకట్రాములు

మా తెలకపల్లి వెంకట్రాములుది కౌలు సేద్యం. మనిషి మంచివాడే గానీ ఏ పనైనా చేసేశాకే ఇంట్లో చెప్తాడు. పోయిన వానాకాలం, పెళ్లాం పెంటమ్మ దూడగా ఉన్నప్పటి నుంచి సాకిన బర్రెను అలాగే అంగడికి తోలి అమ్మేశాడు. ఆ రోజు నుంచి ఆమె మొగుడితో మాట మానేసింది. అన్నం వడ్డించి, "తినేటోళ్లు తినొచ్చు" అని గోడకు చెప్పేది. ఇక ఈ జన్మకు ఇంతేనేమోనని అతను లోలోపల కుమిలిపోయేవాడు.

ఈ ఎండాకాలం వనపర్తిలో ఒక పాత బంగళా దగ్గర సినిమా తీశారు. ప్రేమించిన పిల్ల దక్కక ప్రాణం వదిలిన బడిపంతులు కథ. మా తాతల కాలంలో అందరూ చదివి ఏడ్చిన నవలట. జనం వేషాలకు మా ఊరివాళ్లను డీసీఎం బండిలో తీసుకుపోయారు. నేనూ వెళ్లాను. మొగుడూ పెళ్లాం కూడా ఎక్కారు, ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు.

ఆ రోజు శవయాత్ర సీను. బతికుండగా పాడె ఎక్కనని హీరో మొరాయించాడు. ఒడ్డూ పొడుగూ సరిపోయిందని వెంకట్రాములును పడుకోబెట్టి, ముఖం మీద పట్టుబట్ట కప్పారు. దానికీ అతను పెంటమ్మను అడగకుండానే ఒప్పుకున్నాడు. ఆడవాళ్లకు ఇస్త్రీ చేసిన నల్లచీరలు కట్టించారు. చావింటికి ఇస్త్రీ చీర ఎవరు కట్టుకుపోతారో ఆ డైరెక్టరుకే తెలియాలి.

యాక్షన్ అనగానే ఆడవాళ్లంతా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటున్నారు.

"మీ ఇంట్ల మనిషి పోతే ఎట్ల ఏడుస్తరో గట్లనే ఏడ్వుండ్రమ్మా" అన్నాడు అసిస్టెంటు భానుప్రకాశ్.

మా వైపు ఊరికే ఏడవరు. పోయినవాళ్ల మంచీ చెడూ రాగం తీసి చెప్పుకుంటూ ఏడుస్తారు. బట్ట కప్పినా, పగిలిన మడమలు చూసి పెంటమ్మ మొగుణ్ని గుర్తుపట్టింది. ఆ కాళ్ల దగ్గర కూలబడి, కూతురి పేరుతో అతన్ని పిలుస్తూ అందుకుంది.

"ఓ యమునోళ్ల నాయినా, నన్నడగకుంట బర్రెనమ్ముకొస్తివి. అడిగితే వద్దంటనా. దవాఖానల నాకు ఆపరేషనైతే నెత్తికాడ కూసొని తెల్లార్లు ఇసిరితివి. గసుంటి మనిషితోని నేను మాట్లాడకపోతిని. మాట్లాడకముందే పోతివా…"

నవ్వులు ఆగిపోయాయి. కెమెరా నడుస్తూనే ఉంది. బట్ట కింద వెంకట్రాములు ఉండబట్టలేకపోయాడు.

"పోలేదే. ఈడనే ఉన్న" అన్నాడు.

షాట్ పోయింది. అందరం పడీ పడీ నవ్వాం. డైరెక్టరు శ్రవణ్ కుమార్ ఒక్కడే నవ్వలేదు. ఇంకోసారి అచ్చం అలాగే ఏడవమని పెంటమ్మను బతిమాలాడు.

"మాట్లాడేటోని మీద పడి ఎట్ల ఏడ్వాలె సారూ" అందామె. చివరికి ఇంకొకామెతో ఏడిపించుకున్నారు.

తిరుగు ప్రయాణంలో వెంకట్రాములు వచ్చి పెంటమ్మ పక్కన కూర్చోబోయాడు. ఆమె అతని ముఖంలోకి చూసింది.

"జర దూరం కూసో. పాడె దిగొచ్చినవ్. తానం చేసేదాక నన్ను ముట్టకు."

వెంకట్రాములు దూరం జరిగి, ఊరొచ్చేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ మనిషిని అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు.