మోకాళ్ళ మాస్టారి పగ

ఆఫీసులో అందరూ అతన్ని మోకాళ్ళ మాస్టారు అంటారు. కుర్చీలోంచి లేచినప్పుడల్లా ఆ మోకాళ్ళు ఎండుపుల్లలు విరిగినట్టు చప్పుడు చేస్తాయి. ఒకప్పుడు అతను బేస్‌బాల్ ఆటగాడు, క్యాచర్. అంటే బ్యాటు పట్టుకున్నవాడి వెనకాల గొంతుకూర్చుని, దూసుకొచ్చే బంతిని పట్టుకునేవాడు. పొద్దస్తమానం అలా కూర్చుని లేచే ఉద్యోగంలో ముందు అరిగేది ఏమిటో వేరే చెప్పాలా?

ముప్పై రెండో ఏట, అతను మోకాలికి ఐసు కట్టుకుంటూ ఉండగా కోచ్ వచ్చి పక్కన కూర్చున్నాడు. "వయసురా. దానికి ఎవరేం చేస్తాం?" అని భుజం తట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు ఆ చోట్లో కోచ్ గారి సొంత అల్లుడు కూర్చున్నాడు. వయసట, వయసు! ఆ చేతి బరువు మాస్టారి భుజానికి ఇప్పటికీ తెలుస్తూనే ఉంటుంది. చచ్చినా మర్చిపోడు.

ఆ తర్వాత దొరికింది ఈ ఉద్యోగం. కంప్యూటర్లో ఆడే బేస్‌బాల్ ఆట తయారుచేసే కంపెనీ. జట్టును నడిపేది ఆట కొనుక్కున్నవాళ్ళు, ఆటగాళ్ళూ కోచ్‌లూ అందరూ నిజం మనుషులే. ఒక్కటే చిక్కు, అందులో నలభై దాటినవాళ్ళు కూడా అమృతం తాగినట్టు పరుగెత్తేవారు. కొనుక్కున్నవాళ్ళు విసుక్కున్నారు.

"నిజంగా మనుషులకు వయసెలా మీద పడుతుందో ఆటలోనూ అలాగే పడాలి. అది మీ పని," అంది పై అధికారిణి.

వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది మాస్టారికి. అల్లుడికిప్పుడు ముప్పై. ఒక్కడి వయసే మార్చడానికి వీల్లేదు, క్యాచర్లందరికీ ఒకటే లెక్క. అయితేనేం, అందరూ కలిసే పోనీ! ముప్పై ఒకటి రాగానే క్యాచర్ల మోకాళ్ళు కూలిపోయేలా పెట్టి, ఆట నడిపి చూశాడు. మరుసటి ఏడాదికల్లా అల్లుడు కుంటుకుంటూ బెంచీ మీదికి చేరాడు. మాస్టారి కడుపు చల్లబడింది.

ఇంటికెళ్ళి భార్యకు చెబితే, ఆవిడ చేతిలో గరిటె దించకుండానే అంది: "బాగుంది సంబడం! అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టుంది. మిమ్మల్ని పీకింది మామ, విరిగింది అల్లుడి కాళ్ళు."

"వాడు మాత్రం నా చోట్లో కూర్చోలేదూ?"

"కూర్చోమంటే కూర్చున్నాడు. మీరైతే నిలబడేవారా?"

మర్నాడు పరీక్ష. కొత్త లెక్క సరైనదో కాదో తేల్చడానికి, ఆట మానేసిన పాతవాళ్ళను అందులో వేసి, వాళ్ళు నిజంగా ఆడిన ఆటతో పోల్చి చూస్తారు. ఆ పాతవాళ్ళలో మాస్టారూ ఉన్నాడు. తెర మీద అతని పేరు పక్కన పడింది: వయసు ముప్పై ఒకటి, పనికిరాడు, తీసేయండి.

మాస్టారి మొహం మాడిపోయింది. కోచ్ తీసేసే ముందు, అదే ముప్పై రెండో ఏట జట్టును ఫైనల్‌కు చేర్చింది అతనే! కోచ్ నోటితో అన్న అబద్ధాన్ని తన చేత్తో తానే నిజం చేసి కూర్చున్నాడు. పగ తీర్చుకోబోయి పగవాడికే సాక్ష్యం చెప్పాడు.

ఆ పూటే మోకాళ్ళను దారికి తెచ్చాడు. మెల్లగా అరుగుతూ ముప్పై ఐదు దాకా నిలిచే మోకాళ్ళు. అల్లుడు బతికిపోయాడు, బతకనీ. అప్పుడు తట్టింది మాస్టారికి. ఆటగాళ్ళకైతే వయసు పెట్టారు గానీ, వాళ్ళను ఎంచే కోచ్‌లకు ఈ ఆటలో అసలు వయసే లేదు! పాత కోచ్‌లందరి ఎంపికలూ తిరగేశాడు. అరవై దాటాక చాలామందికి మనిషిని అంచనా కట్టే చూపు మందగించింది. అందరికంటే మందగించింది ఎవరిదో మీరు ఊహించుకోవచ్చు. ఆయన వద్దన్నవాళ్ళు వేరే జట్లలో ఏళ్ళ తరబడి వెలిగారు. పగ అంటే అననీ, లెక్క మాత్రం నిజం. దాన్నీ ఆటలోకి ఎక్కించాడు.

అధికారిణి అంతా చూసి, "ఇది ఇన్నాళ్ళూ ఎవరికీ తోచలేదే!" అంది.

మార్చిన ఆట బజారులోకి వచ్చిన వారానికి మాస్టారి ఫోను మోగింది. కోచ్!

"ఒరేయ్, ఈ ఆట నువ్వే చేశావటగా? మా అల్లుడు హాల్లో కూర్చుని ఆడుతూ, ఇంటిల్లిపాదీ చూస్తుండగా అందులో నన్ను ఉద్యోగంలోంచి పీకేశాడు! నా చూపు పోయిందట. ఒకటే నవ్వులు. ఏంట్రా ఇది?"

మాస్టారు లేచి నిలబడ్డాడు, మోకాళ్ళు రెండూ గట్టిగా చప్పుడు చేశాయి. ఈ మాట కూర్చుని అనేది కాదు.

"వయసు సార్," అన్నాడు తాపీగా. "దానికి ఎవరేం చేస్తాం?"