పై పెదవి మీద వేసిన పట్టీ

లాక్‌డౌన్‌లు ముగిసిన తర్వాతి మాఘమాసం. కోరుట్లలో నేను పనిచేసే బ్యూటీ పార్లర్ నుంచి పెగడపల్లికి పెళ్లికూతురి పని మీద పంపారు. పెళ్లికి మూడు రోజులుంది. పార్లర్‌లో నేను సీనియర్‌ని, అంటే ముఖం ముట్టుకునే పని నాది. చేతులు, కాళ్లు జూనియర్లు చేస్తారు. పెళ్లివాళ్ల ఇంటికి పోతే అన్నీ నేనే. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, రాతలో తప్పులుంటే సర్దుకోండి.

పెళ్లికూతురు మౌనిక. వాళ్ల పొయ్యి మీదే వ్యాక్స్ కాచాను. చక్కెర, నిమ్మరసం, కొన్ని నీళ్లు. తేనె రంగు రాగానే దింపి, ఆరాక ముంజేతి మీద చుక్క వేసుకుని వేడి చూసుకోవాలి. వెంట్రుక మొలిచిన వైపుకు పూసి, గుడ్డ పట్టీ అద్ది, ఎదురు గుంజాలి. పట్టీలకు సిరిసిల్ల నూలుగుడ్డే వాడతాను, సాగదు. చేతులు, కాళ్లు బాగానే అయ్యాయి.

ముఖానికి వచ్చేముందు తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అడిగాను.

"బిడ్డా, మొఖానికి ఏమన్న క్రీములు పెడ్తున్నవా?"

మౌనిక పక్కనున్న మేనత్త వైపు చూసింది. ఆమే కాబోయే అత్తగారు. పిల్ల నోరు తెరవకముందే ఆమె అందుకుంది.

"మా కోడలిది పుట్టు తెలుపు. క్రీములెందుకమ్మా దీనికి? నీకైతే కావాలె."

గదిలో ఆడవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను.

"ఏం పెడ్తలేనాంటీ" అంది మౌనిక.

పై పెదవి మీద కుడివైపు పట్టీ గుంజాను. వెంట్రుకలతోపాటు తోలు ఊడొచ్చింది. చిటికెన గోరంత మేర ఎర్రగా, తడిగా. పిల్ల అరవలేదు, నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆపేసి చల్లటి నీళ్ల గుడ్డ పెట్టాను.

"రెండో పక్క ఎవరు గుంజుతరు? సగం మీసంతోని పీటల మీద కూసోబెడ్తమా?" అంది అత్త.

పిల్లను కాసేపు పడుకోనియ్యాలని చెప్పి అందర్నీ బయటికి పంపి తలుపు వేశాను. అప్పుడు చెప్పింది మౌనిక.

"తెల్లగయ్యే క్రీము అన్న దుబాయి నుంచి పంపిండు. రెండు నెలల సంది పెడ్తున్న. అత్తకు చెప్పకాంటీ. నా తెలుపు గురించి ఊరంత చెప్పుకున్నది."

డబ్బా తీసి చూపించింది. దాని మీద ఇంగ్లీషు, అరబ్బీ. నాకు రెండూ రావు. చదవాల్సిన పనీ లేదు. అలాంటి క్రీమ్ తోలును పల్చబరుస్తుందని, దాని మీద వ్యాక్స్ వేయకూడదని పనిలో చేరిన మొదటి నెలలోనే చెబుతారు.

బయటికొచ్చి, వేడి సరిగా చూసుకోలేదని, వ్యాక్స్ కాక ఎక్కువైందని, తప్పు నాదేనని చెప్పాను.

"గింత వయసొచ్చింది, కాక తెల్వదా నీకు?" అంది అత్త.

మౌనికను జగిత్యాలలో చర్మ డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. క్రీమ్ మానమన్నాడు, పుండు మీద మేకప్ వద్దన్నాడు. పెళ్లిలో పెదవి మీద ఎండిన పుండు చెక్కు అందరికీ కనిపించింది. ముఖం కాలుస్తుందని పేరుపడ్డ నన్ను ఆ వైపు ఊళ్లవాళ్లు మళ్లీ పిలవలేదు. పార్లర్‌లో ముఖం పని చాలా రోజులు జూనియర్‌కి ఇచ్చారు.

ఆ తర్వాత పని మానేసేదాకా, ముందు తలుపు వేసి, పిల్లా నేనూ మాత్రమే ఉన్నాక అడిగేదాన్ని. చాలామంది క్రీమ్ పేరు చెప్పారు. వాళ్ల ముఖం ముట్టుకోకుండా తిరిగొచ్చాను.

తప్పు నాదేనని ఆ రోజు అబద్ధం చెబుతున్నాననుకున్నాను. వ్యాక్స్ వేడి గురించి చెప్పిందొక్కటే అబద్ధం. అత్తను పక్కన కూర్చోబెట్టుకుని ఆ ప్రశ్న అడిగింది నేనే.