గంటలో గుడ్డ

దేశాలు తిరిగి పశువుల మెడలో కట్టే గంటలు సేకరించడం నాకున్న పిచ్చి. ఊళ్లన్నీ పార్టీలుగా చీలిపోయి, పొద్దుగూకకముందే తలుపులు వేసుకుంటున్న ఆ రోజుల్లో, జమ్మలమడుగు పాతసామాన్ల కొట్లో నాకొక కంచు గంట దొరికింది. ప్రొద్దుటూరు బస్సులో కూర్చుని, గంట లోపల బిగించి కుక్కిన గుడ్డపీలికను పెన్ను మొనతో లాగుతున్నాను.

పక్క సీటులోని పెద్దామె చటుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"ఎందుకప్పా తీస్తాండావు?"

"మోగాలి కదమ్మా."

"మోగితే మనిషి యాడుండేదీ ఎదుటి పార్టీవాళ్లకు తెలిసిపోదా?"

నాకు అర్థం కాలేదు. ఆమె గంటను తన ఒళ్లోకి తీసుకుంది.

"మా ఇంటాయన గొర్రెల్ని కొండకు తోలుకపోయేటప్పుడు, పొట్టేలు గంటలో రోజూ నేనే ఇట్లా గుడ్డ కుక్కుతాంటి. ఒకనాడు మరిసిపోతి."

నేను సగం లాగిన గుడ్డను ఆమె బొటనవేలితో లోపలికి నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపి చూసుకుని, గంటను నా చేతిలో పెట్టింది. తర్వాతి స్టాపులో దిగిపోయింది.

ఇప్పుడది మా ఇంట్లో నేపాలు గంటకూ స్విట్జర్లాండు గంటకూ మధ్యన వేలాడుతోంది. వచ్చినవాళ్లు ఒక్కోదాన్నీ మోగించి ముచ్చటపడతారు. దీని దగ్గరికొచ్చి, రెండుసార్లు ఊపి, "ఇది పాడైనట్టుందే" అంటారు.

"లేదండీ, దాని పని అది చేస్తోంది" అంటాను.